నాగక్క కాళ్లు చాపని రోజు

నాగక్క పనంతా కాళ్లతోనే. నేల మీద గోనెపట్టా పరుచుకుని, గోడకు వీపు ఆనించి, చీర మోకాళ్ల పైకి లాక్కుని రెండు కాళ్లూ జోడించి చాపుతుంది. ఆ పిక్కల నడుమ ఏర్పడే పల్లమే పసిబిడ్డకు స్నానాల పీట. మొదట బోర్లా, తర్వాత వెల్లకిలా. వేడినీళ్లు ముందు తన మోకాలి మీద పోసుకుని చూసుకుంటుంది, ఆ తర్వాతే బిడ్డ మీద. నూనె, సున్నిపిండి, ముక్కు తీరుగా రావాలని రెండు వేళ్లతో మెల్లగా నిమరడం, ఆఖరున సాంబ్రాణి పొగ. మొదలుపెట్టినప్పుడు వాడంతా వినపడేలా ఏడ్చిన బిడ్డ, గుడ్డలో చుట్టేసరికి నిద్రలోకి జారుకుంటుంది.

"ఏడ్వాలె. ఏడ్చే బిడ్డతోని భయం లేదు" అంటుంది నాగక్క.

ఏన్కూరు దాటి అడివి వైపు పోతే రేలగూడెం వస్తుంది. వాగుకు అవతల కోయ ఇళ్లు, నాగక్క ఇల్లూ అక్కడే. ఇవతల, తాతల నాడు కోస్తా నుంచి వచ్చి మిర్చి, పత్తి వేసుకుని నిలదొక్కుకున్న కుటుంబాల డాబాలు. రెండు వైపులా బిడ్డ పుడితే పిలుపు వచ్చేది నాగక్కకే. పొద్దున ఒక గుడిసెలో నీళ్లు పోసి, అదే తడి కొంగుతో వాగు దాటి డాబాలోకి వెళ్తుంది. ఈ పని ఆమెకు అత్త నేర్పింది. అసలు బిడ్డను చేతికిచ్చే ముందు చాన్నాళ్లు సొరకాయకు నీళ్లు పోయించిందట. నూనె రాసిన సొరకాయ చేతిలోంచి జారిందంటే ఆ పూట అదే కూర.

"మా ఇంట్ల ఆ యేడంత సొరకాయ కూరే" అని పక్కనుంచి అందుకున్నాడు ఆమె భర్త దూలయ్య. "ఊరి పిల్లలకు కాళ్లు చాపుతది గాని, నాకు నడుము పట్టిందంటే మాత్రం చెయ్యి చాపదు."

"నువ్వు గంత చిన్నగ ఉంటే నీగ్గూడ పోస్తుంటి" అంది నాగక్క. ఆమె ఇంటి ముందర కూర్చుని నేను ఈ కథ వింటుంటే, దూలయ్య గొణుగుడు అడుగడుగునా తగులుతూనే ఉంది.

ఊళ్లో ఆశా కార్యకర్త కవిత. బిడ్డ పుట్టిన ఇంటికి లెక్క ప్రకారం వెళ్లి తూకం చూడటం, ఒళ్లు వెచ్చగా ఉందో లేదో చూడటం, పాలు తాగుతున్నదా అని అడగటం, ఏదన్నా తేడా ఉంటే దవాఖానాకు పంపించటం ఆమె పని. కొక్కేనికి వేలాడే చిన్న కాంటా, దానికి ఉయ్యాలలాంటి గుడ్డ ఆమె సంచిలో ఎప్పుడూ ఉంటాయి. మొదట్లో ఇద్దరికీ పడేది కాదు. బరువు తక్కువ పిల్లలకు నీళ్లు పోయొద్దనీ, పొగ అసలే పెట్టొద్దనీ కవిత అంటే నాగక్కకు ఒళ్లు మండేది.

"నా కాళ్ల మీద పెట్టుకుంటే తెల్వదా నాకు, బిడ్డ బరువున్నదో లేదో? నీ కాంటాకే తెలుసా?"

"నీ కాళ్లకు తెలుసు పెద్దమ్మా, కాదన్న. కానీ నీ కాళ్లు చెప్పింది నేను డాక్టర్‌కు ఎట్ల చెప్పాలె? కాంటా చెప్పింది చెప్తే ఇంటడు."

ఆ మాటతో నాగక్క కాంటా మీద గొడవ మానేసింది. సాంబ్రాణి మాత్రం ఇంకొన్నాళ్లు మానలేదు.

పోయిన మిర్చి కోతలప్పుడు జరిగింది ఇది. వెంకటరామారావు గారి చేనంతా ఎర్రగా పండి కోతకు వచ్చింది. ఏటా లాగే రాష్ట్ర సరిహద్దు అవతలి అడివి ఊళ్ల నుంచి మేస్త్రీ ఒకతను కూలీలను ట్రాక్టర్లలో తోలుకొచ్చాడు. చేను గట్టున టార్పాలిన్ గుడిసెలు లేచాయి. ఆ రోజుల్లోనే రావుగారి కూతురు పద్మప్రియ వైరాలోని అత్తగారింటి నుంచి పురిటికి పుట్టింటికి వచ్చి, ఖమ్మంలో ఆడపిల్లను కని, బిడ్డతో ఇంటికి చేరింది. నాగక్క రోజూ పొద్దున్నే వెళ్లి నీళ్లు పోసి వస్తున్నది.

ఒక సాయంత్రం గుడిసెల నుంచి ఇద్దరు ఆడవాళ్లు నాగక్కను వెతుక్కుంటూ వచ్చారు. మాట్లాడింది కోయ మాటే. యాస కొంచెం వేరు, అంతే. తమలో ఒకామెకు బిడ్డ పుట్టిందనీ, ఈ ఊళ్లో నీళ్లు పోసే మనిషి ఉన్నదని విన్నామనీ, వచ్చి పోయమనీ అడిగారు.

"ఏ దవాఖానల పుట్టింది?" అని అడిగింది నాగక్క.

"గుడిసెలనే."

బాలింత పేరు దేవె. మొదటి కాన్పు. కల్లంలో ఆరబోసిన మిర్చి ఘాటు గుడిసెలోకి కొడుతున్నది. దేవె అప్పటికే లేచి కూర్చుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, రంగు చెడిన తాలుకాయలు ఏరుతున్నది. పక్కనే పాత లుంగీ ముక్కలో బిడ్డ. నాగక్క అలవాటుగా పట్టా పరిచి కాళ్లు చాపింది. బిడ్డను తీసి పిక్కల మీద పడుకోబెట్టింది. ఏమీ పెట్టనట్టే ఉంది. పాదాలు పట్టుకుంటే చల్లగా తగిలాయి. ఏడుపు పిల్లికూన ఏడుపులా సన్నగా వచ్చి ఆగిపోయింది. చిటికెనవేలు నోట్లో పెడితే రెండు చప్పరింపులు చప్పరించి అలిసిపోయినట్టు వదిలేసింది.

నీళ్లు తెచ్చిన ఆడమనిషి చెంబు పట్టుకుని నిలబడే ఉంది. నాగక్క కాళ్లు ముడుచుకుంది.

"గీ బిడ్డకు ఇప్పుడు నీళ్లొద్దు. దేవే, రైక విప్పు. బిడ్డను నీ ఒంటికి పెట్టుకో. మీదికెళ్లి చీర కప్పు. తాలుకాయలు రేపు ఏరొచ్చు."

కవిత ఇదివరకు చెప్పిన మాటలే ఇవి. చెప్పినప్పుడు నవ్విన నాగక్క ఇప్పుడు అవే మాటలు కోయలో చెప్పింది. తర్వాత నేరుగా కవిత ఇంటికి నడిచింది. కవిత అప్పుడే పొయ్యి వెలిగించింది.

"పొద్దుగాల్నే వచ్చి ఆ బిడ్డను కాంటాకు ఎత్తు" అంది నాగక్క, కూర్చోకుండానే.

కవిత ఊదుగొట్టం పక్కన పెట్టింది. "ఆళ్లు మన ఊరోళ్లు కాదు పెద్దమ్మా. ఫోన్ల ఎక్కించాలంటే ఇంటి నంబరు అడుగుతది, ఆధార్ అడుగుతది. ఏమని ఎక్కియ్యాలె? పోయినేడు గిట్లనే ఒకామె కోసం గుడిసెల కాడికి పోతే మేస్త్రీ లొల్లి పెట్టిండు. ఆఫీసర్లను తోలుకొస్తున్ననని రావుగారి దాక పోయింది ముచ్చట. కోతలు అయిపోంగనే ఆళ్లు పోతరు. ఊళ్లె ఉండాల్సింది నేను."

"బిడ్డ ఏ చేన్ల పుట్టింది?"

"రావుగారి చేన్ల."

"ఆ చేను ఏ ఊళ్లె ఉన్నది?"

కవిత పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. చెడ్డపిల్ల కాదు. తల మీద ఊరంత పని, వెనక నిలబడేవాళ్లు ఎవరూ లేరు. అది నాగక్కకూ తెలుసు. "నువ్వు భయపడుతున్నవు. సరే, భయం లేకుండ చేస్తే వస్తవా?" అని అడిగింది.

"వస్త" అంది కవిత.

తెల్లవారితే డాబాలో పురుడు. పదకొండో రోజు. వైరా నుంచి అత్తింటివాళ్లు, మధిర నుంచి మేనత్తలు దిగుతారు. పొద్దున్నే తల్లికీ బిడ్డకూ నీళ్లు పోస్తేగాని మిగిలిన తంతు కదలదు. ఆ ఇంట్లో పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకోవడం వచ్చినవాళ్లు లేరు. రావుగారి భార్య నిర్మలాదేవి తన పిల్లలకే ఎన్నడూ పోయలేదు. అప్పుడు పోసింది నాగక్క అత్త.

నాగక్క వేళకే వెళ్లింది. పెరట్లో కాగు మరుగుతున్నది. పట్టా పరిచి ఉంది, నూనె గిన్నె, సున్నిపిండి పళ్లెం సిద్ధంగా ఉన్నాయి. ఆమె పట్టా మీద కూర్చుని, కాళ్లు మడుచుకుని, మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుంది.

"ఏంటి నాగక్కా, అలా కూర్చున్నావు? నీళ్లు కాగిపోయాయి. చుట్టాలొచ్చేస్తారు" అంది నిర్మలాదేవి.

"ఇయ్యాల కాళ్లు చాపనమ్మా."

"నొప్పులా? నూనె రాసుకో కాస్త."

"నొప్పి లేదు. మీ చేను గట్టు మీద ఒక పసిబిడ్డ ఉన్నది. కవిత ఇయ్యాల మీ బిడ్డను తూకం చూడనీకి వస్తది గదా. ఆ కాంటా అట్నే గట్టు మీదికి గూడ పోవాలె. పోతె కాళ్లు చాపుత."

నిర్మలాదేవికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. "పురుడు పూట బేరాలా? ఊళ్లో నువ్వొక్కదానివే ఉన్నావనుకుంటున్నావా?"

"ఇంకెవలన్న ఉంటే పిలుచుకోండి. నేను పక్కకు జరుగుత."

"బాగా నేర్చావే. ఇన్నేళ్లు ఈ ఇంటి ఉప్పు తిని."

"ఉప్పు ఒక్కటే తిన్ననామ్మా? మీ ఇంట్ల పుట్టిన బిడ్డలందరి ఉచ్చ గూడ మా అత్త చీర మీద, నా చీర మీదనే" అంది నాగక్క. ముందే దిగి లోపల కూరలు తరుగుతున్న మేనత్త ఎవరో నవ్వు ఆపుకోలేకపోయింది.

ఈ మాటలకు వెంకటరామారావు గారు వచ్చారు. ఆయన పెద్దగా అరిచే మనిషి కాదు. నాగక్క చెప్పింది విని, తువ్వాలు భుజం మార్చుకున్నారు.

"చూడు నాగక్కా, ఆ కూలీల సంగతి మేస్త్రీ చూసుకుంటాడు. ఇప్పుడు ఆశా వెళ్తుంది, రేపు నర్సు వెళ్తుంది, ఎల్లుండి ఎవడో ఆఫీసరు వచ్చి గుడిసెలేంటి, నీళ్లేవి అంటాడు. కాయ చెట్టు మీద ఎండిపోతోంది. కోత ఆగితే నా పరిస్థితి ఏంటి?"

"కాంటా తెస్తే కోత ఎందుకు ఆగుతదయ్యా? బిడ్డకు ఏమన్న అయితే ఆగుతది. ఆళ్లంత మూట ముల్లె కట్టుకుని ఎల్లిపోతరు. వచ్చే యేడు మీ చేనుకు రానన్న రారు."

అందులో లెక్క ఉందని రైతుకు తెలుస్తుంది.

"అయినా ఆ పిల్ల సంగతి చూడాల్సింది వాళ్ల రాష్ట్రం" అన్నారు చివరికి.

"పక్క చేన్ల పురుగు పడితే మీరు ఏమంటరయ్యా? ఆయన కొట్టకపోతే నేను మందు కొట్టి ఏం లాభం అని పోయి దగ్గరుండి కొట్టిస్తరు. గప్పుడు గెట్టు గుర్తుకు రాదు గదా."

"పురుగూ పిల్లా ఒకటేనా?"

"కాదు. పురుగుకు మందు దొరుకుతది మీ కొట్ల. పిల్లకు దవాఖానల దొరుకుతది."

లోపలి గది గుమ్మంలో పద్మప్రియ నిలబడి ఉంది. చేతుల్లో బిడ్డ. ఎంతసేపటి నుంచి వింటున్నదో ఎవరూ గమనించలేదు.

"ఆ పాప పాలు తాగుతోందా నాగక్కా?" అని అడిగింది.

"రెండు గుక్కలు. అలిసిపోయి ఇడుస్తది."

పద్మప్రియ తన బిడ్డ వైపు చూసుకుంది. కాన్పయిన మొదటి రెండు రోజులు ఆ బిడ్డా సరిగా పాలు పట్టలేదు. ఖమ్మంలో నర్సు గంట గంటకూ వచ్చి చూసేది. "నాన్నా, కవిత వచ్చాక మీరే వెంటబెట్టుకుని వెళ్లండి. మీరు పక్కనుంటే మేస్త్రీ నోరెత్తడు. పురుడు కాస్త ఆలస్యమైతే ఏమవుతుంది? మా అత్తగారితో నేను చెప్పుకుంటాను."

"బాలింతవి, గుమ్మంలో నిలబడి పంచాయితీలు చెప్పకు, లోపలికి పో" అంది నిర్మలాదేవి. కానీ ఆ గొంతులో ముందున్న కోపం లేదు. రావుగారు చెప్పులు వేసుకున్నారు.

కవిత వచ్చేసరికి అందరూ వాకిట్లోనే ఉన్నారు. రావుగారు స్వయంగా బండి మీద ఎక్కమనేసరికి ఆమె నాగక్క వైపు చూసింది. నాగక్క ఏమీ ఎరగనట్టు కొంగు సర్దుకుంటున్నది.

నాగక్క వెనకే నడిచి గట్టుకు చేరేసరికి గుడిసె ముందు వేపకొమ్మకు కాంటా తగిలించారు. గుడ్డ ఉయ్యాలలో బిడ్డను పెడితే ముల్లు కొంచెం కదిలి ఆగిపోయింది. కవిత కళ్లు చిట్లించి చూసి, బిడ్డను తీసి, మళ్లీ పెట్టి చూసింది. ముల్లు అక్కడే ఉంది. వెంటనే ఫోన్ తీసి అంబులెన్స్‌కు చేసింది. ఊరి పేరు రేలగూడెం అని చెప్పింది. ఇంకే ప్రశ్నకూ తడుముకోలేదు.

మేస్త్రీ అప్పుడు అడ్డం వచ్చాడు. "దవాఖానల రోజులకు రోజులు ఉంచుకుంటరు. ఈమె మొగడు గూడ పోతడు. ఇద్దరు మనుషులు తక్కువైతే కోత ఎట్ల?"

రావుగారు అతని ముఖం చూడకుండానే అన్నారు: "చేను నాది. ఆలస్యమైతే నాకు అవుతుంది. నీకేంటి?"

అసలు అడ్డం మేస్త్రీ కాదు, దేవె. బిడ్డను రొమ్ముకు కరుచుకుని గుడిసె మూలకు జరిగింది. దవాఖానాకు పోయిన బిడ్డలు తిరిగి రారని ఆమెకు ఎవరో చెప్పారు. అక్కడి మాట రాదు, ఎవరిని ఏమడగాలో తెలియదు. కవిత తెలుగులో బతిమాలుతున్నది, రావుగారు తెలుగులో బెదిరిస్తున్నారు. ఆమె కళ్లు మాత్రం నాగక్క మీదే ఉన్నాయి.

నాగక్క ఆమె పక్కన కూర్చుంది. "నేను వస్త" అంది కోయలో. "బిడ్డ బయటికి వచ్చేదాక నేను దవాఖానా గుమ్మం దిగ. నువ్వు అడగాల్సింది నన్ను అడుగు, ఆళ్లు చెప్పింది నేను నీకు చెప్త."

దేవె లేచింది. కవిత బిడ్డను తల్లి ఒంటికి ఆనించి చీరతో కట్టింది. అంబులెన్స్ ఎక్కేటప్పుడు రావుగారికి గుర్తొచ్చింది. "మరి మా పిల్లకు నీళ్లో? కాళ్లు చాపుతానన్నావుగా?"

నాగక్క ఒక కాలు బండిలో పెట్టి ఆగింది. మాట తప్పే మనిషి కాదు. కానీ ఈ బండిని ఆపడానికి లేదు. "అమ్మగారిని కూసోమనండి. గోడకు ఆనుకుని, రెండు కాళ్లు జోడించి. నీళ్లు ముందు తన మోకాలు మీద పోసుకుని చూడమనండి. మెడ కింద చెయ్యి తియ్యొద్దు. పొగ పెట్టొద్దు, కవిత కోప్పడతది."

ఆ పూట నిర్మలాదేవి తన మనవరాలికి నీళ్లు పోసిందట. చుట్టాలంతా చుట్టూ నిలబడి తలా ఒక సలహా ఇచ్చారట. నూనె జారి ఒకసారి గుండె ఆగినంత పనైందని, ఆ తర్వాత నాగక్కకు ఆమే చెప్పింది. "నీ కాళ్లు ఎలా ఓర్చుకుంటాయో గానీ, నాకు రెండు రోజులు తిమ్మిరి వదల్లేదు" అందట.

పెద్దదవాఖానాలో పసిపిల్లల వార్డు ముందు ఒక నర్సు వివరాలు రాసుకుంది. ఏ ఊరని అడిగితే, మేస్త్రీ నేర్పిన ప్రకారం దేవె భర్త ఏదో దూరం ఊరి పేరు నసిగాడు. నాగక్క మధ్యలోకి వచ్చింది. "బిడ్డ పుట్టింది మా ఊళ్లె. రేలగూడెం అని రాయండి. తూకం చూసింది మా ఆశా. మల్ల చూసేది గూడ ఆమెనే."

"మీరేమవుతారు?" అంది నర్సు.

"నీళ్లు పోసేదాన్ని."

నర్సు ఒక్క క్షణం చూసి, రాసుకుని, బిడ్డను లోపలికి తీసుకుపోయింది. వెచ్చటి లైటు కింద పడుకోబెట్టారు. ముక్కులోకి సన్నటి గొట్టం పెట్టి తల్లి పాలు పట్టారు. దేవెను లోపలికి రానిచ్చి పాలు పిండటం నేర్పారు. నాగక్కను మాత్రం వార్డులోకి రానియ్యలేదు. ఆమె గుమ్మం బయటే కూర్చుని, తలుపు తీసినప్పుడల్లా ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసింది. దూలయ్య సద్ది పట్టుకొచ్చి, "ఇంట్ల నాకు వండేటోళ్లు లేరు, ఇక్కడ నీకు నేను మోస్తున్న" అని గొణుక్కుంటూనే ఆమె పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. ఒక దశలో బిడ్డకు కామెర్లు వచ్చాయి. దేవె ఇంటికి పోతానని ఏడ్చింది. నాగక్క ఒప్పుకోలేదు. "నువ్వు పోతె పో. బిడ్డను తీస్కపోనియ్య" అంది. దేవె ఆ పూటంతా ఆమెతో మాట్లాడలేదు. పాలు మాత్రం పిండి ఇచ్చింది.

దవాఖానా నుంచి వదిలేనాటికి మిర్చి కోతలు అయిపోయాయి. గుడిసెలు పీకేశారు. మేస్త్రీ మిగతా కూలీలతో వెళ్లిపోయాడు. బిడ్డను ఇంకొన్నాళ్లు కనిపెట్టుకుని చూడాలన్నారు డాక్టర్లు. దాంతో దేవె, ఆమె భర్త నాగక్క ఇంటి వసారాలోనే ఉన్నారు. కవిత లెక్క ప్రకారం వచ్చి కాంటా దూలానికి తగిలించేది. ముల్లు కిందికి దిగిన కొద్దీ దేవె ముఖంలో భయం పోయింది. మొదట తూకం చూస్తుంటే కళ్లు మూసుకునేది. తర్వాత తర్వాత తనే బిడ్డను ఎత్తి గుడ్డలో పెట్టడం మొదలుపెట్టింది. టీకా కూడా ఇక్కడే వేశారు.

వెళ్లే రోజు దగ్గరపడింది. పొలం పనులు మొదలవుతాయి, భర్త ఆగడు. బిడ్డ బరువెక్కింది గాని, ఇంకా టీకాలున్నాయి, తూకాలున్నాయి. సరిహద్దు దాటి కవిత వెళ్లడానికి లేదు. అక్కడితో తన పని అయిపోయిందని కవిత అనుకోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. ఆ మాటే ఆమె నాగక్కతో అన్నది కూడా.

"అక్కడ నీ అసుంటామె ఉండదా?" అని అడిగింది నాగక్క.

"ఉంటది. ఆశాలనే అక్కడ మితానిన్ అంటరట."

"అయితే ఆమెకు ఫోన్ చెయ్యి."

"నంబర్ ఎక్కడిదే పెద్దమ్మా?"

"నీ నర్సును అడుగు. ఆమెకు పైనున్నామెను అడగమను. ఎవలో ఒకలకు తెలుస్తది గదా."

రెండు పూటలు పట్టింది. నర్సు నుంచి సూపర్‌వైజరు, అక్కడి నుంచి అవతలి రాష్ట్రంలో ఎవరో, ఆ తర్వాత దేవె వాళ్ల ఊరి మితానిన్ నంబరు. బస్సెక్కే రోజు పొద్దున నాగక్క వాకిట్లో నిలబడి కవిత ఫోన్ కలిపింది. బడిలో నేర్చిన హిందీ కొంత, సినిమాల్లో విన్నది కొంత కలిపి, "బచ్చా ఆ రహా హై" దాకా నెట్టుకొచ్చి ఆగిపోయింది. అవతల నుంచి హిందీలోనే ఏదో ప్రశ్న. కవిత బిక్కముఖం వేసింది.

"ఇటు తే" అని ఫోన్ తీసుకుంది నాగక్క. హలో అనలేదు, పేరు చెప్పలేదు. కోయలో మొదలుపెట్టింది. బిడ్డ వస్తున్నదనీ, పుట్టినప్పుడు చాలా చిన్నదనీ, తూకం తప్పకుండా చూడాలనీ, టీకాలు ఏవి పడ్డాయో కార్డు తల్లి దగ్గరుందనీ, నీళ్లు పోసేవాళ్లెవరన్నా ఉంటే పొగ పెట్టనియ్యొద్దనీ.

అవతలామె అంతా విన్నది. తర్వాత ఆ ఆడగొంతు కోయలోనే అడిగింది, ఏ గుడిసె, వాగుకు ఏ పక్క అని.

నాగక్క ఫోన్‌ను దేవె చెవికి ఆనించింది. "చెప్పు. మీ ఇంటికి ఎట్ల రావాల్నో చెప్పు."

దేవె బిడ్డను ఒక చంకలోకి మార్చుకుని, దారి చెప్పడం మొదలుపెట్టింది.